లాయరే ముద్దాయి అయినప్పుడు

ప్రశ్న: నేనొక కోర్టు మిస్టరీ నవల రాశాను. కథ మన కోర్టుల్లో, ఈ కాలంలోనే జరుగుతుంది. హీరో పేరున్న క్రిమినల్ లాయరు. ఒక రాత్రి అతని ఆఫీసులోనే అతని జూనియర్‌ను ఎవరో చంపేస్తారు. తల మీద కొట్టిన ఇత్తడి పేపర్‌వెయిట్ మీద హీరో వేలిముద్రలు దొరుకుతాయి. పోలీసులు అరెస్టు చేస్తారు. హీరో తన కేసు తానే వాదించుకుంటాడు. చివరి వాయిదాలో ఎవరూ ఊహించని సాక్షి వస్తాడు. ఆ తర్వాత హీరో ప్రశ్నలకు తట్టుకోలేక అసలు హంతకుడు బోనులోనే నేరం ఒప్పేసుకుంటాడు. రాతప్రతిని ఇద్దరికి చూపించాను. ఒకరు లాయరు, "కోర్టులో ఇలా ఏదీ జరగదమ్మా" అని నవ్వారు. రెండో ఆమె నా స్నేహితురాలు, మిస్టరీలు బాగా చదువుతుంది. "సగంలోనే హంతకుడెవరో తెలిసిపోయింది" అంది. చట్టప్రకారం మారుద్దామంటే వాయిదాలు, కాగితాలు తప్ప టెన్షన్ మిగలడం లేదు. టెన్షన్ పెడదామంటే చట్టం అడ్డొస్తోంది. రెండిట్లో ఏది వదులుకోమంటారు? కోర్టు సీన్లున్న అధ్యాయాలు జతచేశాను.
ఒక పాఠకురాలు

జవాబు: ఏదీ వదులుకోనక్కర్లేదు, ఆ చివరి వాయిదా తప్ప. మీ ఇద్దరు పాఠకులూ వేరువేరు మాటల్లో ఒకే లోపాన్ని పట్టుకున్నారు. మీ కథలో హీరో లాయరు కావడం వల్ల కొత్తగా జరిగిందేమిటి? బాగా వాదించాడు, అంతే. అతని స్థానంలో ఒక డాక్టర్నో ఇంజనీరునో పెట్టి, వాదించే పని ఇంకొకరికి అప్పజెప్పినా కథ ఒక్క పేజీ మారదు. చట్టం తెలిసి ఉండటం అతన్ని ఎక్కడా కాపాడలేదు, ఎక్కడా ఇరికించలేదు. కథలో దానికి పనేమీ లేదు కాబట్టే అది మీకు అడ్డుగా కనిపిస్తోంది.

ముందు చిల్లర తప్పులు దులిపేద్దాం. హత్య ఏ తేదీన జరిగిందో తేల్చుకోండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకు చార్జిషీటులో ఐపీసీ 302వ సెక్షన్ ఉండదు, న్యాయ సంహిత 103 ఉంటుంది. మాటల్లో మాత్రం మీ లాయర్ల చేత "త్రీ నాట్ టూ" అనే అనిపించండి. ఏళ్ల తరబడి నోటికి పట్టిన అంకె అంత తొందరగా వదలదు. జడ్జి చేతిలో సుత్తి తీసేయండి, మన కోర్టు హాళ్లలో అది ఉండదు. సాక్షి ముందు భగవద్గీత కూడా అక్కర్లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీదో, దేవుడి పేరు వద్దనుకుంటే ఊరికే ప్రమాణపూర్వకంగానో చెబితే చాలు. జ్యూరీ మనకు లేదు, కాబట్టి మీ హీరో ఎవరి వైపూ తిరిగి కన్నీళ్లు పెట్టించే ఉపన్యాసం ఇవ్వలేడు. ఎదురుగా ఉన్నది ఒక్క జడ్జి. ఆయన అప్పటికే అలాంటివి చాలా విని ఉంటారు.

ఇక వేలిముద్రలు. తన ఆఫీసులో, తన టేబుల్ మీద, రోజూ తాను ముట్టుకునే పేపర్‌వెయిట్ మీద తన వేలిముద్రలు లేకపోతేనే అనుమానించాలి. కళ్లారా చూసిన సాక్షి లేని కేసులో ఎలాంటి రుజువు కావాలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో చెప్పింది. ప్రతి సంగతీ పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి, ముద్దాయి నేరం చేశాడన్న ఒక్క అర్థం తప్ప ఇంకే అర్థానికీ చోటుండకూడదు. మీ పేపర్‌వెయిట్ ఈ పరీక్షకు నిలబడదు. ఒక మామూలు లాయరు పది నిమిషాల్లో దాన్ని పక్కన పెట్టేస్తాడు. మీ రాతప్రతి చదివిన లాయరు నవ్విన మొదటి చోటు అదే అయ్యుంటుంది. హీరో అమాయకుడని మీకు తెలుసు కాబట్టి అతని మీద సాక్ష్యాన్ని మెతగ్గా పెట్టారు. ఆ పని చేయకండి. పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు, కుర్చీలో మీరే కూర్చుని, ఇతనికి శిక్ష పడాల్సిందే అన్న పట్టుదలతో ఆ గొలుసు అల్లండి. చదివేవాడికి ఒక్క పూటైనా "వీడే చంపాడేమో" అనిపించాలి.

గొలుసులో అన్నిటికన్నా బలమైన కొక్కెం హత్యకు కారణం. అది మీ కథలో లేదు. ఒక దారి చెబుతాను, నచ్చితే వాడుకోండి.

లాయరుకు క్లయింటు చెప్పిన మాటలు, వృత్తిపరంగా అతని చేతికొచ్చిన కాగితాల్లోని విషయాలు క్లయింటు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకూడదు. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది 126వ సెక్షన్, కొత్త చట్టంలో 132. వకాలతు ముగిసిపోయినా ఈ బాధ్యత ముగియదు. చాలా కథలు దీన్ని "నా క్లయింటే హంతకుడు, కానీ చెప్పలేను" అన్న ఒక్క డైలాగుతో వాడి వదిలేస్తాయి. అసలు సంగతి సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఉంది. క్లయింటు వచ్చి "నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అంటే ఆ మాటకు రక్షణ ఉంది, తప్పు చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు కాబట్టి. "ఈ ఫోర్జరీ దస్తావేజుతో ఆస్తి రాబట్టాలి, దావా వేయండి" అంటే రక్షణ లేదు. మూడో ఉదాహరణ ఒక నవలకు సరిపోతుంది. సొమ్ము కాజేశాడన్న కేసులో ఒకడు లాయరును పెట్టుకుంటాడు. కేసు నడుస్తుండగా లాయరు అతని ఖాతా పుస్తకంలో ఒక పద్దు చూస్తాడు. పోయిందంటున్న ఆ సొమ్మే అతని పేర రాసి ఉంటుంది. లాయరు కేసు ఒప్పుకున్న రోజున ఆ పద్దు పుస్తకంలో లేదు. అంటే వకాలతు తర్వాత జరిగిన మోసం ఇది. లాయరు కళ్లతో చూసిన ఈ విషయానికి రక్షణ లేదు, బయటపెట్టవచ్చు.

1872 నుంచీ చట్టంలో ఉన్న ఉదాహరణ ఇది. దీనికి ఒక శవాన్ని జతచేయడమే మీ పని.

మీ హీరో అలాంటి కేసు ఒకటి ఒప్పుకున్నాడనుకోండి. మొదటి రోజు క్లయింటు ఖాతా పుస్తకాలు ఆఫీసుకు వచ్చినప్పుడు జూనియర్ వాటికి చేతిరాతతో ఒక జాబితా రాశాడు. ఏ పుస్తకం, ఎన్ని పేజీలు, ఏ పేజీలో ఏది చివరి పద్దు. జాగ్రత్తపరుడైన జూనియర్ చేసే పనే. కొన్ని నెలల తర్వాత పుస్తకం తిరగేస్తుంటే తన జాబితాలో లేని పద్దు ఒకటి అతని కంట పడింది. సీనియర్ దగ్గరికి వెళ్లి "ఈ కేసు వదిలేద్దాం సార్" అన్నాడు. సీనియర్ ఆ పద్దు మొదట్నుంచీ ఉన్నదే అనుకున్నాడు, తాను ఏనాడూ సరిచూసుకోలేదు కాబట్టి. మాటా మాటా పెరిగింది. "బయటికెళ్లి ఒక్క మాట అన్నావంటే నిన్ను ఏ కోర్టులోనూ నిలబడనివ్వను" అని అరిచాడు. పక్క గదిలో గుమాస్తా విన్నాడు. ఆ రాత్రే జూనియర్ చచ్చిపోయాడు.

ఇప్పుడు పీపీ చేతిలో ఏముందో చూడండి. గొడవ ఉంది, బెదిరింపు ఉంది, విన్న మనిషి ఉన్నాడు, శవం అదే ఆఫీసులో ఉంది. గొడవ దేని గురించి అని అడిగితే హీరో జవాబు చెప్పలేడు. అతనికి తెలిసినంతవరకు ఆ పద్దు వకాలతుకు ముందునుంచీ ఉన్నది, కాబట్టి అది క్లయింటు రహస్యం. నోరు విప్పితే వృత్తి ధర్మం తప్పినవాడవుతాడు, విప్పకపోతే హంతకుడవుతాడు. డాక్టర్నో ఇంజనీరునో ఇప్పుడు ఈ బోనులో నిలబెట్టలేరు. పీపీ ఊరుకోడు. ఒకరికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని వాళ్లే రుజువు చేసుకోవాలనే సెక్షన్ ఒకటుంది, పాతది 106, కొత్తది 109. దాన్ని పట్టుకుని "గొడవ ఎందుకో ముద్దాయికి తప్ప ఎవరికీ తెలియదు, చెప్పమనండి" అంటాడు. దానికి డిఫెన్స్ జవాబు కూడా సిద్ధంగానే ఉంది. ఈ సెక్షన్ ప్రాసిక్యూషన్ నెత్తి మీది అసలు బరువును ముద్దాయి మీదికి నెట్టదని సుప్రీంకోర్టు 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో చెప్పింది. చట్టం టెన్షన్‌ను చంపుతోందన్నారు కదా, ఈ సీను రాసి చూడండి.

హీరోను విడిపించే తాళంచెవి జూనియర్ రాసిన ఆ జాబితా. అది దొరికితే పద్దు తర్వాత రాసిందని తేలుతుంది, తేలితే హీరో నోరు విప్పవచ్చు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే మిస్టరీ రాసేవాళ్ల పనితనం. రహస్య లాకర్లో పెట్టకండి, చనిపోయినవాడు ఎవరికో పోస్టు చేసినట్టూ పెట్టకండి. హత్య జరిగిన రాత్రి టేబుల్ మీదున్న కాగితాలన్నిటితో పాటు మధ్యవర్తుల సమక్షంలో పోలీసులే దాన్ని సీజ్ చేశారనండి. కేసు దర్యాప్తు చేసే పోలీసు అధికారికి, అంటే ఐవోకు, అది ఆఫీసు చిత్తుకాగితంలా కనిపించింది. చార్జిషీటుకు జతచేయలేదు, దాచాలన్న ఉద్దేశమూ లేదు. ప్రాసిక్యూషన్ తాము ఆధారపడని కాగితాల, వస్తువుల జాబితాను కూడా ముద్దాయికి ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు క్రిమినల్ విచారణల లోపాల మీద తానే చేపట్టిన కేసులో చెప్పింది. కాబట్టి మీ డిఫెన్స్ లాయరు అడగాలి, పీపీ "అవసరం లేని కాగితాలండీ" అనాలి, జడ్జి ఇవ్వమనాలి. వచ్చిన జాబితాలో ఎక్కడో మధ్యలో "చేతితో రాసిన కాగితాలు, 4" అని ఒక వరుస ఉంటుంది. మీ పాఠకురాలు దాని మీదుగా చూపు జారుస్తుంది. ఈ వరుసను నవల మొదటి భాగంలోనే, సీజ్ చేసిన వస్తువుల పంచనామా చదివే విసుగు పుట్టించే పేరాలో ఒకసారి చూపించేయండి. తర్వాత ఆమె వెనక్కి తిప్పి చూసుకుంటే అక్కడ ఉండాలి. అనుకోని సాక్షి చేసే మాయ కన్నా ఇది నిజాయితీ గల మాయ.

ఇలాంటివి కథల్లోనే జరుగుతాయనుకుంటారేమో. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే ఆమె సొలిసిటరు, అంటే లాయరే. ఇద్దరు పసిబిడ్డలు, ఒకడు 1996లో, ఇంకొకడు 1998లో, హఠాత్తుగా చనిపోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. వాళ్లలాంటి కుటుంబంలో ఇద్దరు పిల్లలు సహజంగా పోయే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అని ఒక పేరున్న పిల్లల డాక్టరు కోర్టులో చెప్పాడు. ఒక బిడ్డకు 8,543లో ఒకటి అన్న అంకెను అదే అంకెతో హెచ్చించి తెచ్చిన లెక్క అది. ఒకే ఇంట్లో, ఒకే రక్తంలో పుట్టిన రెండు మరణాలకు ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ ఉండదనుకుంటేనే అలా హెచ్చించగలం. 1999లో ఆమెకు యావజ్జీవం పడింది. 2001లో అక్కడి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్క తప్పని బహిరంగంగా ప్రకటించింది. చివరికి ఆమెను బయటికి తెచ్చిన సంగతుల్లో ముఖ్యమైనది రెండో బిడ్డ లాబ్ రిపోర్టు. బిడ్డ ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు చూపే ఆ ఫలితాలు పోస్టుమార్టం చేసిన డాక్టరు దగ్గర మొదట్నుంచీ ఉన్నాయి, డిఫెన్స్‌కు అందలేదు. 2003 జనవరిలో శిక్ష రద్దయింది. ఆమె మళ్లీ కోలుకోలేదు, 2007లో చనిపోయింది. ఆ కేసును మీ కథలోకి లాక్కురమ్మనడం లేదు, ఒక తల్లి దుఃఖం అది. గమనించాల్సింది ఒకటుంది. ఆమెకు చట్టం తెలుసు, భర్త కూడా లాయరే, అయినా మూడేళ్లకు పైగా జైల్లో ఉంది. కాపాడే కాగితం అంతకాలమూ ఉండాల్సిన చోటే ఉంది.

తన కేసు తానే వాదించుకోవడం గురించి. చట్టం అడ్డు చెప్పదు. కానీ మీ హీరోకు మంచిది కాదు, మీ నవలకు అసలే మంచిది కాదు. హత్య కేసులో బెయిలు అంత సులువుగా రాదు. ఇతను లాయరు, సాక్షులు ఇతని ఆఫీసు మనుషులే, బయటికి వదిలితే వాళ్లను మార్చేస్తాడని పీపీ అంటే జడ్జికి సబబుగానే తోస్తుంది. 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది కాబట్టి హీరో జైల్లో రోజులు లెక్కపెట్టుకుంటాడు, ఐవో గడువుకు ఒక రోజు ముందు వేసేస్తాడు. ఈ బెయిలు వ్యవహారం మీరు రెండు అధ్యాయాలు రాశారు, నాలుగు పేజీలు చాలు. జైల్లో ఉన్నవాడు సాక్షుల్ని వెతకలేడు, రికార్డు తెప్పించుకోలేడు. పైగా ఖాతా పుస్తకం విషయంలో అతనే సాక్షి. తాను సాక్షి కాబోయే కేసులో లాయరుగా నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతాయి.

కాబట్టి ఇంకొకరు రావాలి. ఎవరొస్తారు? చనిపోయింది ఒక కుర్ర లాయరు, అందరికీ తెలిసిన మంచి పిల్లాడు. ముద్దాయి తరఫున ఎవరూ వకాలతు వేయకూడదని బార్ అసోసియేషన్ తీర్మానం చేస్తుంది. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో మహమ్మద్ రఫీ కేసులో గట్టిగానే చెప్పింది. అయినా రేపటినుంచి అదే బార్ రూములో కూర్చోవలసినవాళ్లు వెనకాడతారు. ముందుకొచ్చే మనిషి ఎవరన్నది మీ ఇష్టం. పాత శత్రువైన పెద్ద లాయరు మనసు మారి రావడం మాత్రం వద్దు, అది చాలాసార్లు చూశాం. ఒకప్పుడు ఇతని దగ్గర జూనియరుగా చేరి, ఇతను కేసులివ్వక, ఫైళ్లు మోయించి మోయించి పంపేసిన అమ్మాయి ఒకామె వస్తే? తన క్లయింట్లందరికీ "మీరు నోరు మూసుకోండి, నేను చూసుకుంటాను" అని చెప్పిన మనిషికి ఇప్పుడు ఆమె అదే మాట చెబుతుంది. అతను వినడు. జైలు ములాఖత్‌లో ఆమె డ్రాఫ్టు మీద కామాలు దిద్దుతాడు. వీళ్లిద్దరి మధ్య జరిగేది కోర్టు సీన్ల కన్నా బాగా పండుతుందని నా నమ్మకం.

వీళ్లు గొడవపడటానికి నిజమైన కారణం కూడా ఒకటుంది. హత్య కేసుల్లో అనుభవమున్న లాయరు మొదట చూసేది ఎఫ్‌ఐఆర్ నిజంగా ఏ టైముకు పుట్టిందని. శవ పంచనామా మీద క్రైమ్ నంబర్ ఉందా, ఎఫ్‌ఐఆర్ కాపీ మేజిస్ట్రేటుకు ఎప్పుడు అందింది. పంచనామా నాటికి నంబరే లేకపోతే ఎఫ్‌ఐఆర్‌ను తర్వాత తీరిగ్గా రాసి వెనక టైము వేశారన్న అనుమానం వస్తుంది. 1994లో మెహరాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ కొలతలే వాడింది. మీ కథలోనూ అలాంటి లోపం ఒకటి పెట్టండి. ఆ అమ్మాయి "దీంతో బయటపడిపోతారు, ఖాతా పుస్తకం జోలికి పోవద్దు" అంటుంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. కోర్టుకు సందేహం చాలు, హంతకుడు అక్కర్లేదు. మీ పాఠకురాలికి మాత్రం హంతకుడు కావాలి. హీరోకు ఏం కావాలన్నది ఇక్కడ తేలాలి, ఎందుకంటే జూనియర్ చెప్పినప్పుడు వినకపోవడం అతన్ని లోపల తినేస్తోంది.

ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయిపోయాక జడ్జి ముద్దాయిని స్వయంగా ప్రశ్నించే ఘట్టం ఒకటుంది, పాత సీఆర్‌పీసీలో 313, ఇప్పుడు సురక్షా సంహితలో 351. మీ అధ్యాయాల్లో దీని ఊసే లేదు. నన్నడిగితే నవలకు నడుమ అదే. ప్రమాణం ఉండదు, జవాబివ్వకపోయినా, అబద్ధం చెప్పినా శిక్ష లేదు. ఒక్కో సాక్ష్యం చదివి "దీనికేమంటావు" అని అడుగుతారు. మామూలు ముద్దాయిలు వరసగా "అబద్ధం, తెలియదు" అంటారు, ఆ మాటలు నేర్పేది వాళ్ల లాయర్లే. ఈ హీరో ఎంతమందికి నేర్పి ఉంటాడు! ఇప్పుడు గుమాస్తా సాక్ష్యం చదివి గొడవ జరిగిందా అని అడిగితే అది నిజం, అబద్ధమనలేడు. ఎందుకు జరిగిందంటే చెప్పలేడు. ఆ మౌనాన్ని కోర్టు టైపిస్టు ఏమని కొట్టాలో జడ్జి చెప్పాలి.

తర్వాత జాబితా దొరికాక అతను సాక్షిగా బోనెక్కవచ్చు. ముద్దాయి తానే రాతపూర్వకంగా కోరితేనే అది కుదురుతుంది, అదే సురక్షా సంహితలో 353వ సెక్షన్. ఎక్కకపోతే ఎవరూ వేలెత్తి చూపకూడదు, ఎక్కితే ప్రమాణం చేయాలి, పీపీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. క్లయింటు తరఫు లాయరు లేచి "ఇది వృత్తి రహస్యం, చెప్పనివ్వకండి" అని అడ్డుపడతాడు. వకాలతు మీది తేదీ, జూనియర్ రాసిన జాబితా మీది తేదీ, ఖాతా పుస్తకంలో ఆ పద్దు, మూడూ జడ్జి టేబుల్ మీద ఉంటాయి. మీ క్లైమాక్స్ ఈ వాదన. ఇందులో ఎవరూ అరవనక్కర్లేదు.

మీ స్నేహితురాలికి హంతకుడు సగంలోనే ఎందుకు దొరికాడంటే, కథలో అతనికి వేరే పని లేదు. అనుమానించడానికే వచ్చి, అనుమానం కోసమే నిలబడి ఉన్నాడు. నేను చెప్పిన దారిలో కూడా అందరూ క్లయింటు వైపే చూస్తారు, చూడనివ్వండి. పద్దు రాయించుకున్నది అతనే. కానీ పుస్తకం ఆఫీసు బీరువాలో ఉండగా రాత్రిపూట బయటికి ఎలా వెళ్లింది? తాళాలు ఎవరి దగ్గరున్నాయి? కోర్టుకూ ఆఫీసుకూ మధ్య కేసు కట్టలు మోసేదెవరు? గుమాస్తా. అతను గొడవ గురించి చెప్పిన సాక్ష్యంలో ఒక్క అబద్ధం లేదు, ప్రతి మాటా నిజం. నిజం చెప్పే సాక్షిని ఎవరూ అనుమానించరు. అతను ప్రతి అధ్యాయంలోనూ ఉండాలి. జైలుకు కాగితాలు తేవాలి, ఆ అమ్మాయికి పాత ఫైళ్లు వెతికి ఇవ్వాలి, ఒకసారి నిజంగానే సాయం చేయాలి.

అతన్ని బోనులో ఒప్పించకండి. దానికి చట్టంలోనే ఒక మెలిక ఉంది. జవాబు చెబితే నేను ఇరుక్కుంటాను అని సాక్షి తప్పించుకోలేడు. అయితే అలా బలవంతం మీద చెప్పిన జవాబును తర్వాత అతని మీద కేసులో వాడుకోకూడదు. పాత ఎవిడెన్స్ యాక్టులో 132, కొత్త సాక్ష్య అధినియంలో 137. అంటే మీ హీరో ప్రశ్నల ధాటికి హంతకుడు కుప్పకూలి ఒప్పేసుకున్న ఆ గొప్ప సీను, హంతకుడికే రక్షణ కవచం కావచ్చు. ఇది తెలిసిన లాయరు ఏం చేస్తుంది? తాళాల రిజిస్టరు గురించి అడుగుతుంది. పుస్తకం తీసుకెళ్లిన రోజు గురించి అడుగుతుంది. జాబితా చూపించి "ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టగలరా" అంటుంది. అతను గుర్తుపడతాడు. తర్వాతి ప్రశ్న హాల్లో ఉన్న ప్రతివాడి నోటి దాకా వస్తుంది. ఆమె మాత్రం "దట్సాల్ యువరానర్" అని కూర్చుంటుంది. ఆ ప్రశ్నను బయట పోలీసులు అడగాలి, ఆధారాలతో. గుమాస్తాకు చట్టం తెలియదు, తను గట్టెక్కాననుకుని బోను దిగుతాడు. హీరోకు తెలుసు.

మిగిలింది తీర్పు. ఎఫ్‌ఐఆర్ లోపం మీద, సంశయ లబ్ధి కింద విడుదల చేయించవచ్చు. ముద్దాయికి ఈ హత్యతో ఏ సంబంధమూ లేదని జడ్జి చేత రాయించనూవచ్చు. రెండోది పాఠకులకు తృప్తినిస్తుంది, ప్రచురణకర్తలు కూడా దాన్నే అడుగుతారు. నా ఓటు మొదటిదానికి. జడ్జి ముందున్నది హీరో మీద కేసు మాత్రమే, గుమాస్తా మీద కాదు. ఆయన తన ముందున్న దానికే తీర్పు రాస్తారు. పాఠకురాలికి నిజం అంతా తెలిసి, తీర్పు కాగితంలో సగమే ఉంటే, ఆ కాగితం పట్టుకుని మీ హీరో మళ్లీ బార్ రూములోకి ఎలా అడుగుపెడతాడన్నది మీరు రాయాల్సిన చివరి అధ్యాయం. ఇప్పుడున్న చివరి అధ్యాయంలో అతనికి పూలదండ వేశారు. అది తీసేయండి.